అప్పు చేసి కెమెరా కొనాలా?

ఒంగోలు కుర్రకారుకు సినిమా పిచ్చి కొత్త కాదు. ఇక్కడి శర్మ కాలేజిలో చదివిన టి.కృష్ణ, పోకూరి బాబూరావు నిర్మాతగా 1983లో ‘నేటి భారతం’ తీసి రాష్ట్రమంతా చెప్పుకొనేలా చేశారు. ఆ రోజుల్లో వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. రీలు 11 నిమిషాలకే అయిపోయేది. నటుడి మాట తడబడితే ఫిల్ము బుగ్గిపాలే. ఇప్పుడా బాధ లేదు. కార్డు నిండితే చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు.

అయినా పది నిమిషాల చిత్రం తీయబోయే విద్యార్థి నోట కథ కన్నా ముందు వచ్చే మాట ‘ఏ కెమెరా కొందాం?’ అన్నదే. ఇందుకోసం తండ్రి చేత నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయించడం ఎంతవరకు సబబు? లక్షకు నెలకు రెండు వేలు. చిత్రం పది నిమిషాల్లో ముగుస్తుంది. వడ్డీ మాత్రం మిరప అమ్ముడయ్యే దాకా నడుస్తూనే ఉంటుంది. కౌలు రైతు ఇంట అది చిన్న మొత్తం కాదు.

జేబులోని ఫోను చాలావరకు చాలుతుంది. 2015లో అమెరికాలో విడుదలైన ‘టాంజరీన్’ అనే పూర్తి నిడివి చిత్రాన్ని ఐఫోన్ 5ఎస్‌తో తీశారు. అయితే శబ్దాన్ని ఫోనుకు వదిలిపెట్టలేదు. కీలకమంతా అక్కడే ఉంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే లేచిపోతాడు. ట్రంకు రోడ్డులో ఆరడుగుల దూరాన పెట్టిన ఫోనుకు చేరేది సంభాషణ కాదు, ఆటో హారన్లు. కొత్తపట్నం సముద్రపు ఒడ్డున గాలి హోరే మిగులుతుంది. కాబట్టి డబ్బు పెట్టదలిస్తే ముందు కాలరుకు తగిలించే మైకు మీద పెట్టాలి. అదీ కుదరకపోతే మరో ఫోనులో రికార్డింగు పెట్టి నటుడి చొక్కా జేబులో ఉంచి, కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొడితే సరి. ఆ చప్పుడు దగ్గర బొమ్మనూ మాటనూ తర్వాత కలుపుకోవచ్చు.

ట్యూబులైటుతో మరో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. అందుకే గోడల మీద చారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములకు మార్చి, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఎండలో మిరప కల్లం తీస్తే ఎరుపంతా ముద్దలా పడుతుంది, అక్కడ వెలుగు తగ్గించి తీయాలి.

ఫోను నిజంగా చేతులెత్తేసేది చీకట్లో. పొగాకు బ్యారన్ లోపలో, రాత్రి పొలం గట్టునో తీస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలే. ఆ ఒకటి రెండు రాత్రులకు పెద్ద సెన్సారున్న కెమెరా కావలసిందే. అలాంటివి పెళ్ళి ఫొటోగ్రాఫర్ల దగ్గర ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో అడిగితే దొరకవు సరే; ఆషాఢంలోనో, మూఢంలోనో బీరువాలో ఖాళీగా ఉన్నదాన్ని అద్దెకు అడిగితే కాదనేవారు తక్కువ. బేరమూ కుదురుతుంది.

కాలేజీల యాజమాన్యాలు కూడా ఈ విషయం ఆలోచించాలి. రెండు మైకులు, ఒక స్టాండు, రెండు లైట్లు కొని ఉంచితే ఏ విద్యార్థీ ఇంటి మీద అప్పు తేనక్కర లేదు. క్రికెట్ కిట్టుకు రిజిస్టరు పెట్టినట్టే వీటికీ ఒకటి పెట్టి, సంతకం చేయించుకుని ఇస్తే సరిపోతుంది.