ఆ నాలుగు అంకెల మందు

మా హాస్టల్లో నాకో పేరుంది. 'నెట్ ఆర్‌ఎంపీ' అంటారు. ఎవరి గదిలో నెట్ నత్తనడక నడిచినా నన్నే పిలిచేవాళ్ళు. నేను వెళ్ళి జ్వరమా, దగ్గా అని కూడా అడక్కుండా అందరికీ ఒకటే మందు రాసేవాణ్ణి: డీఎన్ఎస్ మార్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఒక పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చే పబ్లిక్ డీఎన్ఎస్ నంబరు, చుక్కలు పెట్టి నాలుగు అంకెలు కొట్టేసి, "ఇప్పుడు చూడు" అనేవాణ్ణి. వాడూ చూసి "అవున్రా, ఫాస్టయింది" అనేవాడు. ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసినా అంత ఫాస్టూ అయ్యేదేమో! ఇద్దరిలో ఎవరం కొలవలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఈ వైద్యం మా ఊళ్ళో కూడా మొదలుపెట్టాను. ముందు మా ఇంట్లో రౌటర్, తర్వాత మా వీధిలో ఓ ఆరేడు ఇళ్ళు. "ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు కదా" అని అందరూ రౌటర్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టేశారు. కాఫీలు, అరిసెలు అదనం.

మా ఊరికి నెట్ ఇచ్చేది ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపిన ఆయనే. ఊళ్ళో కుర్రాళ్ళందరికీ ఆయన బాబాయే. వేసవి సెలవులకి వెళ్ళేసరికి ఎదురొచ్చి నిలదీశాడు.

"ఏరా అబ్బాయ్, రాత్రయితే మీ వీధి నుంచి ఒకటే ఫోన్లు. వీడియో ఆగుతోంది, అప్‌డేట్ దిగట్లేదు అని. ఫైబర్ చూశాను, బాగానే ఉంది. పక్క వీధిలో ఎవరూ ఏమీ అనట్లేదు. నువ్వేమన్నా కెలికావా?"

నేను నవ్వేశాను. "డీఎన్ఎస్ మార్చాను బాబాయ్. నీదాని కన్నా అది ఫాస్టు."

"కొలిచావా?"

ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళుగా ఇంజనీరింగ్ చదువుతున్నవాణ్ణి, కొలవలేదు. ఆ రాత్రి లాప్‌టాప్ తీసి కూర్చున్నాను. 'డిగ్' కమాండ్‌తో ఒకే సైటు పేరుని ముందు బాబాయ్ డీఎన్ఎస్‌ని, తర్వాత నేను పెట్టిన పబ్లిక్ డీఎన్ఎస్‌ని అడిగాను. పేరు ఒకటే, వచ్చిన ఐపీ అడ్రస్‌లు మాత్రం వేరు. రెండిటికీ పింగ్ కొట్టాను. మొదటిది పది మిల్లీసెకండ్లలోపు పలికింది. రెండోది నలభై దాటింది. ట్రేస్‌రూట్ చూస్తే సంగతి తేలింది. మొదటి సర్వర్ బాబాయ్ బ్యాండ్‌విడ్త్ కొనుక్కునే పెద్ద నెట్‌వర్క్ లోపలే ఉంది. రెండోది ఇంకెక్కడో, మరో నెట్‌వర్క్ దాటాక ఉంది. అంటే మా వీధివాళ్ళకి పక్కింట్లో ఉన్న సరుకుని పొరుగూరి నుంచి తెప్పించింది నేనే!

ఇలా ఎందుకవుతుందో చెప్పాలంటే మన క్లాసులో నేర్చుకున్న ఒక పోలికని పక్కన పెట్టాలి. "డీఎన్ఎస్ అంటే ఇంటర్నెట్‌కి ఫోన్ డైరెక్టరీ" అని అందరం పరీక్షలో రాశాం. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించినప్పటి పని అదే, పేరు చెప్తే నంబరు ఇవ్వడం. కానీ డైరెక్టరీ ఎవరు తెరిచినా ఒకే నంబరు ఉంటుంది. ఇప్పటి డీఎన్ఎస్ అలా కాదు. అడిగేది ఎవరో చూసి జవాబు మార్చి చెప్తుంది.

దీనికి కారణం సీడీఎన్‌లు, అంటే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్‌లు. 1998లో ఎంఐటీ వాళ్ళు పెట్టిన అకమాయ్ కంపెనీతో ఈ వ్యాపారం ఊపందుకుంది. ఒకే ఫైలుకి వేల సర్వర్లలో కాపీలు పెడతారు. ఇంటర్నెట్ ప్రొవైడర్ల నెట్‌వర్క్‌ల లోపలే కొన్ని పెట్టెలు ఉంచుతారు. మీకు ఏ కాపీ దగ్గరో తేల్చి, ఆ సర్వర్ నంబరు డీఎన్ఎస్ జవాబుగా పంపిస్తారు.

ఇక్కడే ఒక చిక్కుంది. సీడీఎన్‌ని అడిగేది మీరు కాదు, మీ తరఫున మీ డీఎన్ఎస్ సర్వర్. సీడీఎన్‌కి కనిపించేది దాని అడ్రసే. పాత రోజుల ఎస్‌టీడీ కోడ్‌తో పోల్చి చూడండి. ఒక కంపెనీకి ప్రతి ఊళ్ళో బ్రాంచి ఉంది. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, కాల్ ఏ కోడ్ నుంచి వచ్చిందో చూసి ఆ ఊరి బ్రాంచి అడ్రస్ చెప్తారు. మీరేమో భీమవరంలో కూర్చుని, ముంబైలో ఉన్న మామయ్యతో ఫోన్ చేయించారు. వాళ్ళు ముంబై బ్రాంచి అడ్రసే చెప్తారు కదా! ఇందులో మామయ్య తప్పు లేదు, హెడ్డాఫీసు తప్పూ లేదు. ఎవరితో చేయించాలో తెలియనిది మనకే.

ఈ చిక్కుకి విరుగుడు లేకపోలేదు. 'ఈడీఎన్ఎస్ క్లయింట్ సబ్‌నెట్' అనే పద్ధతి 2016లో ఆర్ఎఫ్‌సీ 7871గా వచ్చింది. ఫోన్ చేసే మామయ్య "మా అల్లుడు ఫలానా ఏరియాలో ఉంటాడు" అని కూడా చెప్పడమన్నమాట. మీ పూర్తి ఐపీ అడ్రస్ కాకుండా ముందు భాగం మాత్రమే పంపుతారు. గూగుల్ వాళ్ళ 8.8.8.8 దీన్ని పంపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1 పంపదు. వాడేవాళ్ళ ప్రైవసీ కోసమే పంపట్లేదని వాళ్ళే చెప్పారు. ఆ కారణం చిన్నదేమీ కాదు. అయితే దానికి ఒక ధర ఉందనేది మనకి తెలియాలి.

ఆ ధర ఎంతో 2015లో అకమాయ్ ఇంజనీర్లు సిగ్‌కామ్ సదస్సులో ప్రచురించిన పేపర్లో ఉంది. పబ్లిక్ డీఎన్ఎస్ వాడేవాళ్ళకి డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ బదులు వాడేవాళ్ళ ప్రాంతాన్ని బట్టి జవాబు ఇవ్వడం మొదలుపెట్టాక, సర్వర్‌కీ వాళ్ళకీ మధ్య దూరం ఎనిమిదో వంతుకి తగ్గింది, డౌన్‌లోడ్ సమయం సగమైంది. కేబుల్ మార్చలేదు, ప్లాన్ మార్చలేదు. చెప్పిన అడ్రస్ ఒక్కటే మారింది.

"మిల్లీసెకండ్ల గోల ఎందుకురా" అంటారా? ఫైబర్లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి రావడానికి కనీసం 10 మిల్లీసెకండ్లు. ఒక్కసారితో అయిపోతే బాధ లేదు. కనెక్షన్ కుదరడానికి ఒక రౌండు, భద్రత కుదరడానికి ఇంకో రౌండు, ఆపైన పేజీలో ప్రతి ముక్కకీ రౌండ్లు. ఒక్కో రౌండుకీ ఆ దూరం మళ్ళీ మళ్ళీ కట్టాలి.

అంతకన్నా పెద్ద సంగతి బాబాయ్ చెప్పాడు. లోపలి కాపీల నుంచి వచ్చే ట్రాఫిక్ ఆయనకి చవక. బయటినుంచి వచ్చేది డబ్బుపెట్టి కొన్న లింక్ మీద రావాలి. రాత్రి ఎనిమిది దాటితే ఆ లింక్ సంతరోజు రోడ్డులా ఉంటుంది. మా వీధిని తీసుకెళ్ళి ఆ రోడ్డెక్కించింది నేను. తిట్లు తిన్నది ఆయన.

అందుకే నేననేది ఒకటే. డీఎన్ఎస్ సర్వర్ అనేది ఉచితంగా దొరికే స్పీడ్ బటన్ కాదు, మీ సరుకు ఏ గోదాము నుంచి రావాలో తేల్చే చోటు. యాప్‌ స్టోర్లో దొరికే డీఎన్ఎస్ స్పీడ్ టెస్ట్‌లు చాలావరకు జవాబు ఎంత త్వరగా వచ్చిందో మాత్రమే చూపిస్తాయి, ఆ జవాబు మిమ్మల్ని ఎక్కడికి పంపిందో చూపించవు. జవాబు ఐదు మిల్లీసెకండ్లు ముందొచ్చి, ఆ తర్వాత ప్రతి రౌండూ ముప్పై మిల్లీసెకండ్లు ఆలస్యమైతే లాభమేంటి?

అలాగని పబ్లిక్ డీఎన్ఎస్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2009 డిసెంబర్‌లో గూగుల్ మొదలుపెట్టినప్పుడూ, 2018 ఏప్రిల్ 1న 1.1.1.1 వచ్చినప్పుడూ జనం ఊరికే ఎగబడలేదు. ప్రొవైడర్ల డీఎన్ఎస్‌లు పడిపోయేవి, లేని సైటు పేరు కొడితే ప్రకటనల పేజీ చూపించినవీ ఉన్నాయి. మీరు ఏ సైట్లు అడుగుతున్నారో ప్రొవైడర్‌కి తెలియకూడదనుకుంటే, ఎన్‌క్రిప్షన్‌తో వాడే పబ్లిక్ డీఎన్ఎస్ మంచి కారణమే. పైగా అన్ని సైట్లూ డీఎన్ఎస్ మీదే ఆధారపడవు. నెట్‌ఫ్లిక్స్ తన వీడియో ఏ పెట్టె నుంచి పంపాలో మీ ఐపీ అడ్రస్ చూసే నిర్ణయిస్తుంది. ఎనీకాస్ట్ పద్ధతి వాడే సీడీఎన్‌లలో ప్రపంచమంతా ఒకే నంబరు, దగ్గర సర్వర్‌కి చేర్చే పని రూటింగ్‌ది. అక్కడ డీఎన్ఎస్ మార్చినా పెద్ద తేడా కనపడదు. ఎక్కడ తేడా ఉందో, ఎక్కడ లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

తప్పంతా మనదే అని కూడా అనను. చాలామంది చిన్న ఆపరేటర్లు సొంత డీఎన్ఎస్ నడిపే ఓపిక లేక, కస్టమర్లందరికీ పబ్లిక్ నంబర్లే పంచిపెడతారు. పక్కనే కాపీ పెట్టె ఉన్నా దారి తెలియని స్థితి అది. ఒక ఊరి కనెక్షన్లకి మామూలు కంప్యూటర్ మీద అన్‌బౌండో, బైండో పెడితే చాలు, రెండూ ఉచితమే. కాకపోతే అది పడిపోకూడదు, అబద్ధం చెప్పకూడదు. ఈ రెండూ లేకపోతే జనం మళ్ళీ నాలాంటి ఆర్‌ఎంపీల దగ్గరికే వస్తారు.

ఆ వేసవిలో ఇంటింటికీ తిరిగి సెట్టింగులు వెనక్కి మార్చాను. మా వీధి చివర రిటైరైన మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు. "సంక్రాంతికి ఇది మంచిదన్నావు. ఇప్పుడు అది మంచిదంటున్నావు. ఏది నిజంరా?"

"అప్పుడు విన్నది చెప్పాను మాస్టారూ. ఇప్పుడు కొలిచింది చెప్తున్నాను."

"రేపు మళ్ళీ మారితే?"

"మళ్ళీ కొలుస్తాను."

వచ్చేముందు బాబాయ్‌కి ఒక మాట చెప్పాను. ఆయన డీఎన్ఎస్ ఒకే ఒక్క మెషీన్ మీద నడుస్తోంది, అది ఆగితే ఊరంతా ఆగుతుంది, రెండోది పెట్టమన్నాను. "పెడతాలే, సెలవులకొచ్చినప్పుడు నువ్వే పెట్టు" అన్నాడు. దసరాకి వెళ్ళినప్పుడు చేయాల్సిన పని అది.

ఈలోగా హాస్టల్లో ఎవరైనా నెట్ స్లో అని పిలిస్తే వస్తాను. కాకపోతే ఈసారి ముందు నాడి చూస్తాను.