ఎర్రచందనం నాదస్వరం మాకొద్దు

మా అక్క కొడుకు తిరుపతిలో నాదస్వరం నేర్చుకుంటున్నాడు. పదహారేళ్ళు. ఇప్పటిదాకా వాయిస్తున్నది మా మామ పాత వాద్యం. ఒకచోట సన్నగా చీలింది, మైనం పెట్టి నెట్టుకొస్తున్నాడు. కొత్తది కావాలి. సంగతి తెలిసి ఊళ్ళో ఒక పెద్దాయన తానే కొనిస్తానన్నాడు. షరతు ఒక్కటే, అది ఎర్రచందనంతో చేసిందై ఉండాలి. మూడు చోట్ల వెండి పట్టీలు, ఒకదాని మీద వాళ్ళ నాయన పేరు. మేం వద్దన్నాం. "మేళగాళ్ళకు ఇంత పొగరా" అన్నారని తర్వాత తెలిసింది. ఆ పొగరేమిటో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

ఈ ఎర్రచందనం పిచ్చి పాతదేం కాదు. 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. మొదట్లోనే బొమ్మల కథ: జపాన్‌లో పెళ్ళి, షామిసెన్ అనే వాద్యం, దానికి కావలసిన కొయ్య మా కొండల్నుంచి. అప్పట్నించి మా జిల్లాలో ప్రతివాడూ వాద్యాల కొయ్య మీద పండితుడే. అంతకుముందు ఆ చెట్టు పేరెత్తితే మా ఇంట్లో గుర్తొచ్చేది వేరే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చచ్చిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. ఆ కొయ్యకు వెండి తొడిగి, అది ఎక్కడ్నుంచి వచ్చిందో కాగితాలు జేబులో పెట్టుకుని, ప్రతి చెక్‌పోస్టు దగ్గరా చూపించుకుంటా తిరగాలా మా పిల్లోడు?

సరే, ఈ మాట పక్కన పెడదాం. అసలు గొడవ ఇది కాదు. ఎర్రచందనం బదులు ఆ పెద్దాయన రోజ్‌వుడ్ అన్నా నా అభ్యంతరం ఇదే. మా మామను అడిగినప్పుడు ఆయన విసుక్కున్నాడు: "కొయ్య ఏందని అడగతావేంది అల్లుడా, చేసినోడు ఎవురని అడుగు."

నాదస్వరానికి పేరుపడ్డ కొయ్యను తమిళంలో ఆచ్చా మరం అంటారు. అదేదో కావేరి ఒడ్డున మాత్రమే మొలిచే దివ్యవృక్షం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే మన యేపి! పట్ట నుంచి తాళ్ళకు పనికొచ్చే గట్టి నార వస్తుంది కాబట్టి నారయేపి అని కూడా అంటారు. రాయలసీమ ఎండు కొండల్లో పెరిగేదే. చేవ నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. అయితే పచ్చి యేపిని వాద్యానికి ఎవరూ తొలవరు. కుంభకోణం దగ్గర నరసింగంపేట అనే ఊరుంది, అక్కడి నాదస్వరానికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ ఊరి ఆచారులు వెతికేది కూలగొట్టిన పాత ఇళ్ళ దూలాల కోసం. యాభై, డెబ్బై ఏళ్ళు ఒక కప్పు కింద ఆరిన కొయ్య. ఆరాల్సిందంతా ఆరిపోయింది, ఇక ముడుచుకోదు, పగలదు.

నాదస్వరం లోపలి రంధ్రం పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది. ఆ వాలు వెంట్రుకవాసి తప్పినా స్వరం తప్పుతుంది. రెండు గంటలు ఊదితే లోపలంతా తడి, బయట మాడవీధుల ఎండ. ఈ రెండింటి మధ్య చేసినవాడి కొలతను చెడగొట్టకుండా కాపాడటమే కొయ్య చేయాల్సిన పని. మోగేది లోపలి గాలి.

ఇది నా కవిత్వం కాదు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్, లోపలి కొలతలు ఒకే రకంగా ఉన్న ఫ్లూట్లను వెండితో, రాగితో, కొయ్యతో చేయించి పరీక్షించాడు. ఏది ఏదో విన్నవాళ్ళు పోల్చుకోలేకపోయారు. చేతికి తేడా తెలియకుండా చేస్తే వాయించినవాళ్ళూ పోల్చుకోలేకపోయారు. ఫ్లూట్ వేరు, నాదస్వరం వేరు, ఒప్పుకుంటాను. కానీ కుంభకోణం ఆదికుంభేశ్వరాలయంలో రాతి నాదస్వరం ఉంది కదా. దాన్ని మోయగలిగినవాడు వాయించాడు కూడా.

"అయితే ప్లాస్టిక్ గొట్టం కొనుక్కోండి" అని ఒక మిత్రుడు వెక్కిరించాడు. గొట్టంలో ఆ వాలు తొలిచి, చిల్లులు సరైన చోట పెట్టే మనిషిని చూపించు, ఆలోచిస్తాం.

రాజరత్నం పిళ్ళై సంగతే తీసుకోండి. పాత పొట్టి తిమిరి నాదస్వరంలో శుద్ధ మధ్యమం తిన్నగా పలికేది కాదు. వాయించేవాడు ఊపిరితోనో, పెదవితోనో సర్దుకోవాల్సి వచ్చేది. నరసింగంపేట రంగనాథన్ ఆచారి ఆయన కోసం పొడవు పెంచి, చిల్లుల లెక్క మార్చి బారి నాదస్వరం తయారుచేశాడు. మధ్యమం కుదిరింది. శ్రుతి కిందికి దిగింది, కచేరీకి పనికొచ్చే గాంభీర్యం వచ్చింది. కారైకుర్చి అరుణాచలం గానీ, మన కరవది నుంచి శ్రీరంగం వెళ్ళి స్థిరపడిన షేక్ చినమౌలానా గానీ, తర్వాతివాళ్ళ తోడి, కల్యాణి మనం వింటున్నామంటే అందులో ఆ ఆచారి ఉలి ఉంది. కొత్త కొయ్యేదీ దొరికి కాదు, వాయించేవాడూ చేసేవాడూ ఎదురెదురుగా కూర్చున్నందుకు జరిగింది.

మరి మనం? పిళ్ళై పేరు ఎత్తితే చేతులు జోడిస్తాం, ఆచారి పేరు క్విజ్ ప్రశ్న. కొయ్యకు కులం లేదు, తొలిచినోడికి ఉంది. అందుకేనేమో మనకు కొయ్య గురించి మాట్లాడటం సుఖం. మా వైపు వీధినాటకాలకు ఒకప్పుడు తిత్తి ఉండేది. మేకతోలు సంచి, దానికో గొట్టం, పాటకు శ్రుతి. బ్యాగ్‌పైప్‌కు దూరపు చుట్టం. ఇప్పుడు ఆ చోట శ్రుతిపెట్టె. తిత్తి గురించి మా ఊళ్ళో ముసలోళ్ళని అడిగాను. మేకతోలని అందరూ చెప్పారు. కుట్టినోడెవరని అడిగితే ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

దాతలతో నా పేచీ ఇక్కడే. వెండి పట్టీలకయ్యే డబ్బుతో పిల్లోణ్ణి ఆచారి దగ్గరికి పంపొచ్చు. రెండు రోజులు అక్కడే కూర్చోబెట్టి, నాలుగు వాద్యాలు ఊదించి, వాడి వేళ్ళకు చిల్లులు అందుతున్నాయా, వాడి ఊపిరికి ఆ పొడవు సరిపోతుందా చూడొచ్చు. నచ్చకపోతే ఇంకోటి చేయమని బయానా ఇచ్చి రావొచ్చు. దానికి ఫోటో ఉండదు, శాలువా ఉండదు. అందుకే ఎవరూ ఇవ్వరు.

ఆ పెద్దాయనకు ఇదే చెప్పి పంపాం, కావాలంటే పట్టీ మీద ఆచారి పేరు కూడా చెక్కించమన్నాం. జవాబు రాలేదు. అక్క చీటీ ఎత్తింది. వచ్చే నెల మామ, పిల్లోడు రైలెక్కుతున్నారు. వాడు రోజూ ఊదే సీవాళి, అదే గడ్డి పీక, డబ్బాలో పెట్టుకున్నాడు. కొత్త వాద్యాన్ని పరాయి పీకతో పరీక్షించకూడదని మామ మరీ మరీ చెప్పాడు.