లోపలి అంచు

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు కారు వేసుకుని బెజవాడ వచ్చాడు. బండి పాతదే గాని రూపం కొత్తది. స్ప్రింగులు కోయించి రెండంగుళాలు కిందికి దింపించాడు. “చూడు మామయ్యా, రోడ్డుకి యెలా అతుక్కున్నదో!” అన్నాడు. అతుక్కునే వున్నది. మా వీధిలో స్పీడుబ్రేకరు దాటించడానికి లోపలివాళ్ళంతా దిగి నడవవలసి వచ్చింది.

మర్నాడు పిల్లాపాపలతో అన్నవరం ప్రయాణం. “టైర్లు చూశావుట్రా?” అంటే “నిక్షేపంలా వున్నాయి” అన్నాడు. నిలబడి చూస్తే నిక్షేపమే. స్టీరింగు పూర్తిగా ఓ పక్కకు తిప్పమని, వంగి లోపలి అంచు చూద్దును గదా, రబ్బరు అరిగిపోయి ఉక్కు తీగె తొంగి చూస్తున్నది. ప్రయాణం ఆగిపోయింది. మా అక్కయ్య కొడుకును అన్న మాటలు యిక్కడ రాయను.

కారును దింపితే చాలా బండ్లలో చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఆ వాలును క్యాంబర్ అంటారు. లోపలి అంచు అరిగిందంటే అందరూ నేరం దానిమీదే మోపుతారు. కొంత నిజమే. కాని పెద్ద దొంగ యింకొకడున్నాడు, వాడి పేరు టో. పైనుంచి చూస్తే చక్రాలు మన పాదాల్లా లోపలికో బయటికో తిరిగి వుండటమన్నమాట. బండి దిగగానే టై రాడ్ల వాలు మారి టో కూడా మారుతుంది. ఒక చక్రం అర డిగ్రీ వంకరగా వున్నదనుకోండి. కిలోమీటరు దూరంలో అది దాదాపు 9 మీటర్లు అడ్డంగా యీడ్చుకుపోయినట్టు లెక్క. చెప్పు నేలకేసి రాస్తూ నడిస్తే యేమవుతుందో టైరుకూ అదే అవుతుంది. పైగా చక్రం వాలి వుంటే ఆ రాపిడంతా లోపలి అంచుమీదే పడుతుంది.

దీన్ని యింటిదగ్గరే కనిపెట్టవచ్చు. తీగె బయటపడలేదని ముందు కంటితో చూసుకుని, అరచేతిని టైరు మీద అడ్డంగా అటూ యిటూ రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా తగిలితే తప్పు టోది. నున్నగానే ఒక అంచుకు యేటవాలుగా అరిగితే క్యాంబర్‌ది. నడుమ అరిగితే గాలి యెక్కువ, రెండంచులూ అరిగితే తక్కువ. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లను అనుమానించండి. గాడుల అడుగున చిన్న గట్లుంటాయి. రబ్బరు వాటికి సమమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, టైరు మార్చవలసిందే.

మావాడు అంతకు మునుపే ఒకచోట అలైన్‌మెంటు చేయించాడట. ముందు చక్రాల టో ఒక్కటే తిప్పి, కాగితం చేతిలో పెట్టి పంపారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీ ఆ కాగితం చూసి నవ్వాడు. “క్యాంబర్ కదిపితే టో మళ్ళీ మారుతుందండీ. ముందు వెనక చక్రాలు చూడాలి, తరవాత ముందు చక్రాల క్యాంబర్, ఆఖర్న టో” అన్నాడు. చాలా చిన్న కార్లలో క్యాంబర్ తిప్పడానికి కంపెనీవారు వీలే పెట్టరు. దానికి వేరే క్యాంబర్ బోల్టులు వేయించాలి. ఇంకోమాట కూడా చెప్పాడు, అది నాకూ కొత్తే. స్ప్రింగులు మార్చాక కింది బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వుండగా బిగించకూడదట. బరువు చక్రాల మీదికి దించాకే బిగించాలి. లేకుంటే లోపలి రబ్బరు మెలిపడి త్వరగా చినుగుతుంది. కొత్త స్ప్రింగులు కొన్నాళ్ళు నడిచి కుదురుకున్నాక అలైన్‌మెంటు మళ్ళీ చూపించుకోవాలి.

కోసిన స్ప్రింగులకు మాత్రం అతను అసలు ఒప్పుకోలేదు. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది. చక్రం గోతిలో వేలాడినప్పుడు గూటిలోంచి తప్పుకోవచ్చు కూడా. చట్టం సంగతీ వున్నది. తయారీదారు యిచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మావాడు రెండు రోజులు ముఖం ముడుచుకుని, చివరికి కంపెనీ స్ప్రింగులే వేయించాడు. ముందు టైర్లు రెండూ కొత్తవి కొనక తప్పలేదు. అన్నవరం ప్రయాణం మాఘమాసంలో జరిగింది. అక్కయ్య కొంగు బిగించి, వంగి, నాలుగు టైర్ల లోపలి అంచులూ చూసుకున్నాక గాని బండి యెక్కలేదు.