మన పిల్లల మనసును చదివే చదువు మన యూనివర్సిటీల్లోనే కావాలి

నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు, టీచర్లకు, డిగ్రీ చదివే యువతకు, మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పాలకులకు విజ్ఞప్తి

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం వేసిన కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని కోర్టు ఆదేశించింది. వాళ్లకు పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండి తీరాలని కూడా స్పష్టంగా చెప్పింది.

మన ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరుల్లో వంద మంది పిల్లలు దాటిన గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, మోడల్ స్కూళ్లు, జూనియర్ కాలేజీలు మండలానికి ఎన్ని ఉన్నాయో మీరే లెక్క వేయండి. ప్రతిచోటా ఒక మనిషి కావాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? హైదరాబాద్‌లో చదివినవాళ్లు అచ్చంపేటకో, దేవరకొండకో వచ్చి పదేళ్లు ఉండిపోతారని అనుకోవడం భ్రమ. ఇక్కడి పిల్లలకు కావలసినవాళ్లను ఇక్కడే తయారు చేసుకోవాలి.

అందుకే మా కోరిక ఒక్కటే. 2007లో నల్లగొండలో పుట్టిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమూ, 2008లో మహబూబ్‌నగర్‌లో పుట్టిన పాలమూరు విశ్వవిద్యాలయమూ శిశు, కౌమార వికాస మనస్తత్వశాస్త్రానికి చెరొక పూర్తిస్థాయి విభాగం పెట్టాలి. పర్మనెంట్ అధ్యాపకులను నియమించాలి. తెలుగులో కూడా పాఠం చెప్పాలి. చదువులో సగం కాలం ఊళ్లలో, తండాల్లో, అంగన్‌వాడీల్లో, హాస్టళ్లలో గడవాలి.

పిల్లల మనస్తత్వం ఎక్కడైనా ఒకటే కదా, పుస్తకం చదివితే చాలదా అని కొందరు అడుగుతారు. పుస్తకం కావాలి. కానీ ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం జెనీవా పిల్లల్ని, అమెరికా పిల్లల్ని చూసి రాసినవి. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి గుంపుమేస్త్రీ వెంట అమ్మానాన్నలు ముంబైకో పుణెకో పోతే, అవ్వ దగ్గర మిగిలిన ఏడేళ్ల పిల్లవాడి సంగతి వాటిలో దొరకదు. ఆ పిల్లవాడికి తల్లి ఏటా కొన్ని నెలలు కనిపించదు, ఆ తర్వాత వస్తుంది, మళ్లీ పోతుంది. అనుబంధం గురించి బౌల్బీ సిద్ధాంతం చదివిన విద్యార్థి ఈ ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తేనే అందులో ఏది ఇక్కడ నిలుస్తుందో, ఏది నిలవదో తేలుతుంది. అవ్వ ఎంత వరకు అమ్మ కాగలదు? తల్లితో పాటు పనిచోటికి పోయిన పిల్లకు, ఊళ్లో ఆగిపోయిన పిల్లకు ఎదుగుదలలో తేడా ఏమిటి? పాలమూరు వలస మీద పాటలు కట్టాం, ఉపన్యాసాలు చెప్పుకున్నాం. ఆ వలసలో పెరిగే పిల్లల మనసు మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలి.

నల్లగొండ సంగతి చూడండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని ఏం చేశాయో లోకమంతా ఫొటోల్లో చూసింది. పళ్ల మీది గారను మాత్రం చిన్న విషయంగా తీసిపారేశాం. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో తాగిన నీటి ఫలితం అది. తర్వాత మంచినీళ్లు వచ్చినా ఆ మరక పోదు. పద్నాలుగేళ్ల అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, క్లాసులో లేచి జవాబు చెప్పదు. టీచరు ఆమెను మొద్దు అనుకుంటాడు. తన రూపం గురించి తానేం అనుకుంటోందన్నదే ప్రాణంగా ఉండే వయసు కౌమారం. ఆ వయసులో నోరు తెరవడమే సిగ్గుగా మారిన పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠం ఎక్కడో రాసి ఉండదు. దాన్ని ఇక్కడే రాసుకోవాలి.

మన దగ్గర పుట్టిన శాస్త్రం మన దగ్గరే ఆగిపోతుందన్న చిన్నచూపు కూడా అక్కర్లేదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. మన కష్టంలోంచి వచ్చిన తెలివి మరొకరికి పనికొచ్చింది.

పిల్లల విషయంలో జరిగింది వేరు. 2002లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని తీసుకుని, ఏళ్ల తరబడి వాళ్ల తిండి, ఎత్తు, చదువు, పని, పెళ్లి అన్నీ నమోదు చేశారు. అందులో మహబూబ్‌నగర్ జిల్లా పిల్లలూ ఉన్నారు. చిన్ననాటి పోషకాహార లోపం తర్వాతి చదువుమీద ఎలా నీడ వేస్తుందో ఆ సమాచారం ఆధారంగా ప్రపంచం తెలుసుకుంది. మేం ఆ అధ్యయనాన్ని గౌరవిస్తాం. మేం అడిగేది ఒక్కటే: మన పిల్లల మీద పుట్టిన ఆ సమాచారాన్ని పాలమూరు విద్యార్థులు తరగతి గదిలో చదవాలి, ప్రశ్నించాలి, ఆ పిల్లల పిల్లల దాకా పనిని కొనసాగించాలి.

భాష సంగతి మరీ ముఖ్యం. తండాలో పుట్టిన బిడ్డ ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, అంగన్‌వాడీలో తెలుగు వింటుంది, ఒకటో తరగతిలో ఇంగ్లిష్ మీడియం పుస్తకం పడుతుంది. నల్లమలలో చెంచు పిల్లలది ఇంకో లోకం. పిల్లలు ఆలస్యంగా మాట్లాడితే అది వికాస లోపమా, భాష మారడం వల్ల వచ్చిన తడబాటా అని తేల్చాలంటే ఆ ఇంటి భాష తెలిసిన మనిషి ఉండాలి. చదవడంలో ఇబ్బంది పడే పిల్లల్ని గుర్తించే పరీక్షదీ అదే కథ. ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసిన పరీక్ష మన గుణింతాల్లో, వత్తుల్లో పిల్లవాడు ఎక్కడ చిక్కుకున్నాడో పట్టుకోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. గుర్తించి సర్టిఫికెట్ ఇప్పించే మనిషి దగ్గర్లో లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. పిల్లవాడు మాత్రం ‘చదువు రానోడు’ అనే పేరుతో బడి మానేస్తాడు.

గురుకులాలకు పునాది పడ్డది మన గడ్డమీదే. 1971లో ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. పేద పిల్లలకు అది పెద్ద దారి చూపింది, ఇవాళా చూపుతోంది. ఐదో తరగతికే ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ రాత్రి దుప్పటి కింద ఏడుస్తున్నప్పుడు, పెద్దమనిషి అయిన రోజు అమ్మ పక్కన లేనప్పుడు, ఇంటర్ ఫలితాల వారంలో తిండి మానేసినప్పుడు, ఏం చేయాలో తెలిసిన మనిషి ఆ ప్రాంగణంలో ఉండాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణ ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకుందో మనం మరచిపోలేం. మానసిక ఆరోగ్య సాయానికి 14416 టెలీ మానస్ నంబరు ఉంది, ప్రతి హాస్టల్ గోడమీదా అది కనిపించాలి. అయితే ఫోన్ చేసే ధైర్యం రాని పిల్ల దగ్గరికి నడిచివెళ్లే మనిషి కూడా కావాలి.

టెట్ రాసేవాళ్లకు శిశు వికాసం, పెడగాజీ నుంచి 30 మార్కులు. పియాజే దశలు, వైగాట్‌స్కీ సామీప్య వికాస మండలం, కోల్‌బర్గ్ నైతిక వికాసం, అన్నీ కోచింగ్ మెటీరియల్‌లో బట్టీ పడతారు. పరీక్ష అయ్యాక ఎక్కడా వాడరు. తప్పు వాళ్లది కాదు. ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒకే గ్లాసు నీళ్లు సన్నటి చెంబులోంచి వెడల్పు గిన్నెలోకి పోసి ‘ఇప్పుడు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా’ అని అడిగి చూసే అవకాశమే వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. మేం అడిగే విభాగంలో ప్రతి విద్యార్థీ తల్లిదండ్రుల అనుమతితో ఒక పిల్లను ఏడాది పాటు గమనించి నోటుబుక్కు రాయాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీల పిల్లల వార్డుల్లో కొన్ని వారాలు పనిచేయాలి. మేధో వైకల్యమున్న పిల్లల కోసం పనిచేసే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ అందుబాటు దూరంలోనే ఉంది, దానితో ఒప్పందం చేసుకోవాలి.

‘సోషల్ వర్క్ కోర్సు ఉంటే చాలు కదా’ అన్నవాళ్లకు మా జవాబు: అది కావాలి, ఇదీ కావాలి. ‘ఉద్యోగం రాని కోర్సు’ అన్నవాళ్లకు జవాబు సుప్రీంకోర్టే ఇచ్చింది. కానీ సెల్ఫ్ ఫైనాన్స్ పేరుతో ఒక బోర్డు తగిలించి, ఇద్దరు పార్ట్‌టైం లెక్చరర్లతో నడిపిస్తామంటే మేం ఒప్పుకోం. అరకొర శిక్షణతో పిల్లల మనసు ముందు కూర్చున్నవాళ్లు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తారు.

వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చే లోపే అకడమిక్ కౌన్సిళ్లలో ఈ ప్రతిపాదన చర్చకు రావాలి. తల్లిదండ్రులు తమ ఊరి బడి కమిటీలో, గ్రామసభలో తీర్మానం చేసి ఒక ప్రతిని వైస్ ఛాన్సలర్‌కూ, మరొకటి ఎమ్మెల్యేకూ పంపండి. మీ పిల్లలు చదివే గురుకులంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉన్నారా అని ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. డిగ్రీ విద్యార్థులారా, ఈ కోర్సు పెడితే చేరతామని మీ పేర్లు, కాలేజీ పేర్లు రాసి సంతకాలు సేకరించండి. ఈ కాగితం వెనుక వైపు ఖాళీగా వదిలింది అందుకే.