గర్భస్రావం తరువాత నిర్ణయం ఎవరిది?



ఈ నెల మనం తలపోయబోయే సంగతి మందిరంలో గాని, ఇంట్లో నలుగురి మధ్య గాని ఎవరూ ఎత్తని సంగతి. గర్భం దానంతటది పోయినా, ఆసుపత్రిలో తీయించుకున్నా, మన గుర్రంకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటివారు "కడుపు పోయింది" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. ఆ తల్లి నాలుగు రోజులు పడుకొని లేచి, మళ్ళీ టమోటా తోటకు కూలికి పోతుంది. గర్భం తీయించుకోవడం గురించి విశ్వాసుల మధ్య జరిగే చర్చను ఈ పుటలో పెట్టుకోలేదు. జరిగిపోయిన తరువాత ఆ సహోదరి ఆరోగ్యం, ఆమె ఇల్లు, ఆమె పిల్లలు మన యెదుట ఉన్నారు. మళ్ళీ గర్భం ఎప్పుడు, అంతవరకు ఏ జాగ్రత్త అనే ప్రశ్నకు ఆమె తరఫున ఎవరెవరో జవాబు చెప్పేస్తున్నారు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

మొదట శరీరం సంగతి తెలిసికొందాము. పాలిచ్చే బాలింతకు కొన్ని నెలలు ముట్టు రాకపోవడం అందరూ ఎరిగినదే. గర్భం పోయినప్పుడు కూడా అంతేననుకొని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది నిజం కాదు. తొలి మూడు నెలల్లో గర్భం పోయినప్పుడు రెండు వారాల లోపే మళ్ళీ అండం విడుదల కావచ్చును. అంటే తరువాతి ముట్టు కనబడక ముందే గర్భం నిలవవచ్చును. గర్భస్రావం తరువాత మరో గర్భానికి కనీసం 6 నెలలు ఆగడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన రాష్ట్రంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తం తక్కువ. అలాంటి శరీరం మీద వెంటవెంటనే గర్భాలు వస్తే తల్లికే ముప్పు.

ఇంత అవసరమైన జాగ్రత్తను స్త్రీలు ఎందుకు తీసుకోలేకపోతున్నారు? మేము ఇళ్ళు దర్శించినప్పుడు వినే మాటలనుబట్టి, వైద్యులు చెప్పే మాటలనుబట్టి కొన్ని కారణాలు కనబడుచున్నవి.

మొదటిది, పిల్లల లెక్క. ఇద్దరు బిడ్డలున్న తల్లికి అందరూ చెప్పేది "ఆపరేషన్ చేయించుకో" అని. ఒక్క బిడ్డ ఉన్నా, ఉన్నవారంతా ఆడపిల్లలైనా, "ఇంకా కొడుకు పుట్టలేదు గదా" అని ఏ జాగ్రత్తా లేకుండా ఇంటికి పంపుతారు. ఈ రెండింటి మధ్య మరో దారి ఉన్నదని తలచేవారు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లయిన స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 38. కాపర్-టి, మాత్రలు, నిరోధ్ వాడేవారు మన రాష్ట్రంలో ఒక్కొక్కదానికి నూటికి ఒక్కరు కూడా లేరు. బిడ్డకు బిడ్డకు మధ్య ఎడం కోరే పడుచు తల్లికి ఆపరేషన్ జవాబు కాదు. ఆమెకు జవాబు చెప్పేవారే కరువయ్యారు.

రెండవది, గర్భస్రావం జరిగిన చోటు. 2015లో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయనీ, వాటిలో నూటికి 73 ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగాయనీ 2018లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మందుల షాపులో మాత్రల పొట్లం చేతికిచ్చిన మనిషి ఆ తరువాత ఏమి వాడాలో చెప్పడు. రహస్యంగా తెచ్చుకున్న మాత్ర గనుక ఈమె కూడా ఎవరినీ అడుగదు. ఇలాంటి మాత్రలు వైద్యుల పర్యవేక్షణ లేకుండా మ్రింగరాదు. రక్తం ఆగకుండా పోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావమైనా సిగ్గుపడక అదే దినమున ఆసుపత్రికి వెళ్ళవలెను.

మూడవది, ఇంట్లో మాట ఎవరిది అన్నది. అత్తగారు వద్దంటే కోడలు మాట్లాడదు. పెనిమిటి వద్దంటే భార్య ఊరుకుంటుంది. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలును. భర్త సంతకం అడిగే నియమం దానిలో లేదు. ఆమె పేరు బయటపెట్టకూడదని కూడా చట్టం చెప్పుచున్నది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే గర్భం తీస్తామని ఎవరైనా అంటే, అలాంటి షరతు చట్టంలో లేదని గుర్తుంచుకొనండి. నొప్పితో బల్లమీద పడుకున్న స్త్రీ చేత తొందరపెట్టి "సరే" అనిపించడం సమ్మతి కాదు.

నాల్గవది, ఊరి పుకార్లు. లూపు గుండె దాకా పాకుతుందంటారు. అది గర్భసంచిలోనే ఉంటుంది, గుండెకు దారి లేదు. మొదట కొన్ని నెలలు ముట్టు ఎక్కువ కావడం, కడుపునొప్పి రావడం నిజమే. ముందే చెబితే ఆమె భయపడదు. చెప్పకపోతే మొదటి నెలలోనే తీయించుకుంటుంది, పదిమందికీ చెబుతుంది.

అయిదవది, భర్త వలస. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలనుండి ఎందరో బెంగుళూరుకు పనులకు పోయారు. కొందరు కువైట్‌లో ఉన్నారు. "ఆయన ఊళ్ళో లేడు గదా, నాకెందుకయ్యా" అని ఆమె అంటుంది. క్రిస్మస్‌కో, చెల్లెలి పెండ్లికో ఆయన పదిదినాల సెలవు మీద వస్తాడు. అప్పటికప్పుడు ఏ జాగ్రత్తా ఇంట్లో ఉండదు. ఆయన తిరిగి బస్సెక్కిన తరువాత ఆ భారమంతా ఈమె ఒక్కతెదే.

ఇప్పుడు దారులేమున్నవో క్లుప్తముగా చెప్పుదుము. గర్భస్రావం పూర్తయిన 12 దినముల లోపల, చీము, జ్వరం లేనియెడల, కాపర్-టి వేయించుకోవచ్చును. ఒక రకం 5 ఏళ్ళు, మరొకటి 10 ఏళ్ళు పనిచేస్తుంది. కావలసినప్పుడు తీయించుకోవచ్చును. మాలా-ఎన్ మాత్రలు దినమొక్కటి. బీపీ ఉన్నవారు వీటిని గూర్చి ముందుగా డాక్టరుగారితో చెప్పవలెను. ఛాయ మాత్రలు మొదటి 3 నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. అంతర ఇంజెక్షన్ 3 నెలలకొకటి. ఈ చివరి రెండింటిని 2017లో ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చారు. ఇంజెక్షన్ వాడేటప్పుడు ముట్టు తప్పవచ్చును, దానివల్ల హాని లేదు. అయితే ఆపిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చును. వెంటనే బిడ్డను కోరేవారు ఇది ఎరిగి ఎంచుకోవాలి. మాత్రలు గాని, ఇంజెక్షన్ గాని 7 దినముల లోపల మొదలుపెట్టడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి ఉచితము. ఏది ఎవరి శరీరానికి తగునో చెప్పవలసినది వైద్యులే గనుక, ఆసుపత్రి విడిచి రాకముందే అడగండి. ఇంటికి వచ్చాక మళ్ళీ మదనపల్లెకు బస్సెక్కాలంటే ఒక దినం కూలి పోతుంది, అత్తకు కారణం చెప్పాలి. చాలామంది ఆ రెండవ ప్రయాణం చేయరు.

భర్తలైన సహోదరులారా, మీతో ఒక మాట. మగవారి ఆపరేషన్ చిన్నది, కోత కుట్టు లేనిది. అయినా మన రాష్ట్రంలో అది చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. బరువు మోయలేమనేది ఉత్త భయమే. కొద్ది దినాలు విశ్రాంతి తీసుకుంటే యథాప్రకారం పని చేసుకోవచ్చును. అయితే అది ఫలించడానికి 3 నెలలు పడుతుంది, అంతవరకు నిరోధ్ వాడవలెను. బిడ్డలిక చాలుననుకొన్న ఇంటిలో, రక్తం పోయి నీరసించిన భార్యనే మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కించడం న్యాయమా, ఆలోచించండి.

సంఘములో మనం చేయగలది కూడా ఉన్నది. స్త్రీలు మగ వైద్యుల యెదుటికి రావడానికి జంకే రోజుల్లో మిషనరీలు మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి కట్టించారు. స్త్రీ చెప్పుకొనే చోటు ఒకటి ఉండాలని వారు తలంచారు. ఆ పని ఆసుపత్రికే విడిచిపెట్టనక్కరలేదు. స్త్రీల సమాజములో పెద్దదిక్కైన ఒక అమ్మ ఆ ఇంటికి వెళ్ళి, "ఏం చేశావమ్మా" అని అడగక, "ఎట్లున్నావమ్మా" అని అడగవచ్చును. ఆశా కార్యకర్తను పరిచయం చేయవచ్చును. ఆసుపత్రికి తోడు పోవచ్చును. విన్నది తన కడుపులోనే దాచుకోవచ్చును. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనంగా అతని ప్రక్కన కూర్చున్నంతవరకు మేలే చేశారు. తప్పులెన్నడం మొదలుపెట్టినప్పుడే అతని దుఃఖం హెచ్చింది.

కాబట్టి మీ ఇంటిలో గాని, పొరుగింటిలో గాని ఇలాంటి కష్టం కలిగినప్పుడు, మంచి భోజనం పెట్టండి, విశ్రాంతి ఇవ్వండి, డాక్టరు గదిలోనికి ఆమెను తీసుకువెళ్ళండి. అక్కడ ఆమె బదులు మీరు మాట్లాడకండి. ఆమెనే మాట్లాడనివ్వండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక.