నాము నేర్పిన పాఠం – అడవి దారిలో శునకాల రక్షణ

వర్షాలు మొదలై కొండలు పచ్చబడగానే నడక యాత్రలకు వెళ్లేవారి సంఖ్య పెరుగుతుంది. వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలు, అరకు లోయ వంటి ప్రాంతాలకు పెంపుడు కుక్కలను వెంట తీసుకొనిపోవడం పట్టణవాసులకు అలవాటవుతున్నది. గొర్రెల కాపరుల కుక్కలైతే తరతరాలుగా ఆ దారులలోనే తిరుగుతున్నవి. ఆ దారుల వెంట పెరిగే విషపు మొక్కలను గురించి, పుట్టగొడుగులను గురించి కుక్కల యజమానులకు చెప్పవలసిన విషయాలు విస్తరణ బోధనలో ఇంకా సరైన స్థానం పొందలేదు. చెప్పిన కొద్దిపాటి విషయం కూడా శాస్త్రీయ నామాల పట్టికగానే మిగిలిపోతున్నది.

విషపు మేతను గురించి రైతుకు ఎట్లా చెప్పాలో విస్తరణ శాస్త్రవేత్తలకు తెలియనిది కాదు. జొన్న నాము ఇందుకు చక్కని ఉదాహరణ. పూతకు రాని జొన్నను, బెట్టకు గురైన పైరును, కోసిన తరువాత వచ్చిన లేత పిలకలను పశువులకు మేపరాదన్న సందేశం గ్రామగ్రామానికీ చేరింది. అందులో రైతు వాడే మాట ఉన్నది, ప్రమాదకరమైన దశ ఉన్నది, చేయకూడని పని ఉన్నది. హైడ్రోసయనిక్ ఆమ్లం పేరు తెలియకపోయినా రైతు తన పశువును కాపాడుకోగలుగుతున్నాడు. కుక్కల విషయంలోనూ సందేశాన్ని ఇదే పద్ధతిలో రూపొందించవలసి ఉన్నది.

మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. "కుక్క గన్నేరు తిన్నది" అని యజమాని ఫోనులో చెప్పినప్పుడు వైద్యుడు ఏమని గ్రహించాలి? ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు మొక్కల అన్ని భాగాలలోనూ గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడ్లు ఉన్నవి. ఎండిన ఆకులలో సైతం విషం పోదు. బిళ్ళగన్నేరులో ఉండేవి వేరు జాతి ఆల్కలాయిడ్లు. కుక్కలలో సంక్రమించే జననాంగ కణితికి వాడే విన్‌క్రిస్టిన్ ఈ మొక్క నుంచే లభిస్తుంది. దేవగన్నేరు పాలు నోటిని, జీర్ణకోశాన్ని బాధించినా ప్రమాదం సాధారణంగా అంత తీవ్రం కాదు. ఒకే మాట వెనుక ఇన్ని మొక్కలు ఉన్నప్పుడు పేరు ఒక్కటే చాలదు. కొమ్మ, కాయ, కుక్క కక్కిన పదార్థం వెంట తీసుకురావాలని, వీలుకాకపోతే ఛాయాచిత్రమైనా తీయాలని యజమానికి ముందే నేర్పాలి.

రెండవ చిక్కు మరింత ప్రమాదకరమైనది. తిన్న వెంటనే కుక్క పడిపోకపోతే గండం గడచిందని యజమాని భావిస్తాడు. చాలా విషాల స్వభావం అందుకు విరుద్ధం. నమిలి మింగిన గురివింద గింజలోని అబ్రిన్, ఆముదపు గింజలోని రిసిన్ లక్షణాలు చూపడానికి గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులే పట్టవచ్చు. వానకాలంలో ఎర్రని, పసుపుపచ్చని పూలతో ఆకర్షించే అడవినాభిలో, ముఖ్యంగా దాని దుంపలో, కోల్చిసిన్ ఉంటుంది. తొలుత వాంతులు, విరేచనాలు కలిగించి ఆ తరువాత అది ఎముక మజ్జను సైతం దెబ్బతీస్తుంది.

ఆలస్యం చేసే మోసానికి పుట్టగొడుగులు పరాకాష్ఠ. అమానిటా జాతిలోని కొన్ని రకాలలో ఉండే అమటాక్సిన్లు తిన్న తరువాత 6 నుంచి 24 గంటల దాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. తరువాత వాంతులు, విరేచనాలు వస్తాయి. అవి తగ్గి కుక్క కోలుకున్నట్లు కనిపించే సమయంలోనే కాలేయం క్షీణిస్తూ ఉంటుంది. ఐరోపా నుంచి కాలిఫోర్నియా తీరానికి చేరి అక్కడి ఓక్ చెట్ల కింద స్థిరపడిన "డెత్ క్యాప్" పుట్టగొడుగు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ నివసించే తెలుగు కుటుంబాలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. వెండి నల్లబడడం, పురుగులు తినడం వంటి గుర్తులతో పుట్టగొడుగు మంచిచెడులు తేల్చవచ్చుననే నమ్మకానికి ఆధారం లేదు. వండినంత మాత్రాన అమటాక్సిన్లు నశించవు.

కనుక సందేశం సారాంశం ఇట్లా ఉండాలి: లక్షణాల కోసం ఎదురుచూడరాదు, తిన్న సమయాన్ని గుర్తుంచుకొని నమూనాతో సహా వెంటనే పశువైద్యుని సంప్రదించాలి, ఉప్పునీరు తాగించి కక్కించే ప్రయత్నం చేయరాదు. ఉప్పు ఎక్కువైతే అదే మరొక విషమవుతుంది. మగతగా ఉన్న లేదా మూర్ఛలు వస్తున్న కుక్కను కక్కిస్తే ఆ పదార్థం ఊపిరితిత్తులలోకి పోయే అవకాశం ఉన్నది. నివారణకు మార్గం పాతదే. చేలో పని చేసే ఎద్దుకు రైతు చిక్కం కడతాడు. కనిపించినదల్లా నోట కరచే కుక్కకు నడక దారిలో గొలుసు, అవసరమైతే నోరు తెరచి రొప్పడానికి వీలున్న చిక్కం వాడడంలో తప్పు లేదు.

పశువుల గర్భకోశ వ్యాధులు, పశుగ్రాస కొరత వంటి పెద్ద సమస్యలు ఉండగా కుక్కల నడక యాత్రలపై శ్రమ వెచ్చించడం తగునా అన్న ఆక్షేపణ రావచ్చు. అది తోసివేయదగినది కాదు, విస్తరణ సిబ్బంది కాలం పరిమితమే. అయితే కాపరికి కుక్క జీవనోపాధిలో భాగం. మందకు రాత్రి కావలి అదే. పైగా ఈ ప్రమాదం అడవికే పరిమితం కాదు. ఎరువుగా చల్లే ఆముదపు పిండిలో, వేడితో విషాన్ని నిర్వీర్యం చేయనప్పుడు, రిసిన్ మిగిలి ఉంటుంది. ఎముకల పొడితో కలిపినప్పుడు ఆ వాసనకు కుక్క మరింతగా ఆకర్షింపబడుతుంది. గురివింద, గన్నేరు మేకకూ, పసిబిడ్డకూ కూడా ప్రమాదకరమే. ఒక సందేశం కోసం పడిన శ్రమ ముగ్గురికీ ఉపకరిస్తుంది.

అమెరికాలో జంతువుల విషప్రభావాలపై సలహా సేవ 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోనే మొదలైంది. మన దేశంలో మనుషుల కోసం జాతీయ విష సమాచార కేంద్రం 1995 నుంచి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పనిచేస్తున్నది. తిరుపతి, హైదరాబాద్ పశువైద్య విశ్వవిద్యాలయాలు వ్యవసాయ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర నిపుణులతో కలసి ప్రాంతాలవారీగా, ఋతువులవారీగా, స్థానిక నామాలతో చిత్రపటాలను రూపొందించవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రాలు వాటిని తొలకరికి ముందే ప్రదర్శించవచ్చు. ఒక్కొక్క మండలంలో ఒకే మొక్కకు ఉన్న వేర్వేరు పేర్లను సేకరించే పనిని విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో చేర్చవచ్చు. వీటికి కొత్త పరికరాలు గాని, పెద్ద నిధులు గాని అవసరం లేదు.

నామును గురించిన జ్ఞానం ప్రయోగశాలలో ఉండిపోయి ఉంటే పశువులు చనిపోతూనే ఉండేవి. అది రైతు మాటగా మారినందువల్లనే ఫలించింది. అడవినాభి, గన్నేరు, పుట్టగొడుగుల విషయంలోనూ శాస్త్రం తన వంతు చెప్పింది. దానిని కాపరికీ, యాత్రికునికీ అర్థమయ్యే మాటగా, సకాలంలో అందించవలసిన బాధ్యత విస్తరణ విభాగానిదే.