ప్రవరుని పాదలేపము – తొలిమంచు



కార్తికమాసమున మన మిచ్చట నదీతీరమున దీపములు విడుచుచుండగా, అమెరికాదేశమందలి యూటా రాష్ట్రమున కొండలపై తొలిమంచు కురియుచుండును. సాల్ట్ లేక్ సిటీకి తూర్పున గోడ కట్టినట్లు నిలిచియున్న వాసాచ్ పర్వతములు తెల్లబడినంతనే ఆ యూరి కొండప్రేమికులకు కాలు నిలువదట. అటకమీది స్కీలు దింపి, దుమ్ము దులిపి, అడుగున మైనము రాచి, తెల్లవారకముందే పయనమగుదురట. ఆ గుంపులో ఈ యేడు మావాడొకడు చేరినాడు. మా పెద్దాడుబిడ్డగారి కుమారుడు రెండేండ్లుగా అచ్చట చదువుకొనుచున్నాడు.

మొన్న నొక సాయంకాలము మా వదినగారు తులసికోట యొద్ద దీపము పెట్టి వచ్చి, కొంగుతో కన్నులొత్తుకొనుచు, "అమ్మాయీ, వాడు మంచుకొండ లెక్కెదనని కూర్చున్నాడు. నా మాట వినడు. నీవైనను వలదని చెప్పుము" అనిరి. ఆ రాత్రియే ఫోనులో మాటలాడితిని. వాడు నవ్వి, "అత్తయ్యా, ఇప్పటికి పడినది మోకాటిలోతైనను లేదు. ఇంత కొంచెపు మంచుతో భయమేమి? నడిశీతకాలమున నిలువులోతు పడినప్పుడు గదా జాగ్రత్త!" అనెను. ఆ మాటకు వదినగారి మనస్సు కుదుటపడినది. బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పు మావారి మనస్సు మాత్రము కుదుటపడలేదు. "కొంచెము గనుకనే భయము" అనిరి. ఈ నెల నేను మీకు విన్నవింపదలచినది ఈ యొక్క మాటయే.

ముందుగా ఆ క్రీడ యెట్టిదో తెలిసికొందము. స్కీలనగా పాదమున కొకటిగా బిగించుకొను సన్నని పొడవైన పలకలు. స్నోబోర్డనగా రెండు పాదములును మోపి నిలుచు వెడల్పు పలక. క్రీడకై యేర్పరచిన విహారస్థలములందు, తీగలకు వ్రేలాడుచు నడచు కుర్చీలు జనులను కొండపైకి చేర్చును. వాసాచ్ కొండలలోని ఆల్టా యను చోట 1939వ సంవత్సరముననే యట్టి కుర్చీలు నడచినవి. అచ్చటి కాపలావారు ప్రొద్దుపొడుపుననే మందుగుండు పేల్చి, ప్రమాదకరమగు మంచును ముందుగనే పడగొట్టి, ఆ పిమ్మట జనులను పోనిత్తురు. కాని యీ కుర్చీలు సాధారణముగా నవంబరు నడుమనో చివరనో గాని కదలవు. అంతవరకు ఆగలేనివారు కాపలాలేని కొండలను తమ కాళ్లతోనే యెక్కుదురు. స్కీల యడుగున ఒకవంకకే వాలిన నూగుగల పట్టీ నంటింతురు. మఖమలు గుడ్డను ఒకవైపు నిమిరిన చేయి జారును, ఎదురు నిమిరిన అడ్డుపడును గదా! అట్లే యా పట్టీ స్కీని ముందునకు జారనిచ్చును, వెనుకకు జారనీయదు. స్నోబోర్డువారిలో కొందరు నిలువుగా రెండుచీలికలుగా విడదీయగల పలకపై నెక్కి, పైకి చేరినపిమ్మట దానిని మరల ఒకటిగా బిగించి దిగుదురు. మూడుగంటలు చెమటోడ్చి యెక్కినది కొన్ని నిమిషములలో జారివత్తురు. ఆ నిమిషముల సుఖము పక్షులకే తెలియునని మావాడి మాట. నేను కాదనను.

ఇక మంచు సంగతి. భూమి తన వేడిమి కొంత దాచుకొనియుండుటచే, నేలనంటిన మంచు శీతకాలమెల్ల 0 డిగ్రీల చెంతనే యుండును. పైగాలియో, తెలిరాత్రులందు అంతకు 15, 20 డిగ్రీలు దిగువకు పోగలదు. మంచు ఆరేడడుగుల మందమున్నచో ఈ భేదము అంతదూరమున మెల్లగా సర్దుకొనును. జానెడే యున్నచో భేదమంతయు ఆ జానెడులోనే యిమడవలయును. అప్పుడు అడుగునుండి ఆవిరి వడిగా పైకెగసి, మంచురేణువులను ఒకదానినొకటి పట్టుకొనజాలని పలుకులుగా మార్చివేయును. అచ్చటివారు దీనిని చక్కెరమంచందురు. పేరు తీపియే గాని, పిడికిట పట్టిన ముద్దకట్టక వ్రేళ్లసందులనుండి రాలిపోవును.

మావారు దీనిని మా వంటయింటనే చూపిరి. పీటపై గరుకుగుడ్డ పరచి, దానిపై పంచదార చల్లి, పట్టిన ముద్దయగునంత మాత్రమే తడిచేసిన బియ్యపుపిండిని పైన వ్రేలెడు మందమున అద్ది, పీట నొకవంక మెల్లగా నెత్తిరి. కొంతవరకు ఏమియు కదలలేదు. అంచున వ్రేలితో నొక్కినంతనే పిండి యంతయు రొట్టెవలె తెగి ఒక్కపెట్టున జారి క్రిందబడెను. వదినగారు గుండెపై చేయివేసికొనిరి. మంచుచరియ విరుగుట యిట్టిదే. పంచదార అక్టోబరునాటి పాతమంచు. పిండి నవంబరునాటి క్రొత్తమంచు. నొక్కిన వ్రేలు మనుష్యుడు. ప్రాణములు గొన్న చరియలలో పదింట తొమ్మిది, చిక్కినవారో వారి తోడివారో కదల్చినవే.

ఇందు మరియొక మాయ గలదు. అక్టోబరున పడిన మంచు ఎండ తగులు దక్షిణపు వాలులందు కరగిపోవును; ఎత్తున నీడగల ఉత్తరపు వాలులందే నిలుచును. కరగి నేల తేలినచోట అడుగున చక్కెర లేదు గాని, రాళ్లును మోళ్లును పైకి తేలియుండుటచే అచ్చట ఆటకు వీలులేదు. కావున చాలినంత మంచుకై వెదకుచు పోవువారు సరిగా చక్కెరమంచు దాగిన వాలునకే చేరుదురు. ఎర యున్నచోటనే గాలమును ఉన్నది.

జేమీ పియర్ అను పేరుపొందిన స్కీ క్రీడాకారుడు 2006లో వయోమింగ్ రాష్ట్రమున 255 అడుగుల కొండకొమ్మునుండి మంచులోనికి దుమికి, బ్రతికి బయటపడి, లోకమును విస్మయపరచెను. అంతటివాడు 2011 నవంబరు 13వ తేదీన, యూటాలోని స్నోబర్డు విహారస్థలము ఇంకను తెరువకముందే స్నోబోర్డుతో పైకిబోయి, చరియ విరుగగా రాళ్లమీదుగా కొట్టుకొనిపోయి 38వ యేట మరణించెను. 2017 అక్టోబరు 7న మోంటానా రాష్ట్రమందలి ఇంప్ శిఖరమున 23 ఏండ్ల పర్వతారోహిణి యొకతె చరియక్రింద పూడిపోయెను. తోడివాడెంత వెదకినను కానరాలేదు. జాడ తెలుపవలసిన యంత్రము ఆమె సంచిలోనే యుండెను. దాని మీట వేసియుండలేదు. అది అక్టోబరే గదా యని యనుకొనిరేమో! ఆ తలపే నన్ను కలచినది.

ఆ యంత్రమునకు ట్రాన్సీవరని పేరు. ఒంటికి కట్టుకొను చిన్న రేడియో. పూడినవాని యంత్రము పంపు సంకేతమును పైనున్నవారి యంత్రము పట్టుకొనును. దానితోపాటు మంచులో గ్రుచ్చి వెదకు మడతకోలయు, త్రవ్వుటకు పారయు ప్రతివాని యొద్దను ఉండవలయును. మొదటి పది నిమిషములలో బయటికి దీసినచో పెక్కుమంది బ్రతుకుదురు. ఆ పిమ్మట ఆశ వడివడిగా సన్నగిల్లును. ఊరినుండి సాయము వచ్చునంతటి వ్యవధి యుండదు. ప్రక్కనున్న మిత్రుడే వైద్యుడు, వాడే దేవుడు.

కావున వదినగారితో నేనంటిని: "వలదని శాసించినచో పిల్లలు చెప్పకుండ పోవుదురు. అడుగనేర్చినచో చెప్పి పోవుదురు." మావారును నేనును కూర్చుండి ఆమెకు ప్రశ్నలు వ్రాసియిచ్చితిమి. యూటా అవలాంచ్ సెంటరువారు ప్రకటించు నేటి హెచ్చరిక చదివితివా? మీ వాలు 30 డిగ్రీలకు లోబడినదేనా, దానిపైన అంతకు నిటారైన వాలు వ్రేలాడుచున్నదా? నిటారుచోట్ల ఒక్కొక్కరుగా దాటుదురా? కాలిక్రింద ధబ్బుమను చప్పుడైనను, మంచున బీటలు పారినను వెనుదిరుగుదురా? ఏ వేళకు దిగివచ్చెదమని ఎవరికైనను చెప్పితిరా?

మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని క్షణములో హిమగిరి చేరెను. పోవుట సులభమయ్యెను గాని, మంచునీట లేపము కరగిపోగా మరలివచ్చు దారి లేక చిక్కుకొనెను. ఇంటివద్ద వృద్ధులగు తల్లిదండ్రులును, భార్యయు ఎదురుచూచుచుండిరి. చిన్ననాడు మా తండ్రిగారు ఆ ఘట్టము చెప్పుచుండగా వరూధిని చెంతనే నా మనస్సు నిలిచెడిది. నేడు ఆ కరగిన లేపమే కన్నుల మెదలుచున్నది. కొండకు పోవుట తప్పుగాదు. మరలివచ్చు ఉపాయము కట్టుకొనక పోవుట తప్పు.

ఆదివారము గడచినపిమ్మట మావాడు ఫోను చేసెను. రెండుగంటలు ఎక్కిరట. ఒక చదునుచోట కాలిక్రింద మంచు ధబ్బున క్రుంగి, ఎదుట బీట పారినదట. నలుగురు మిత్రులు ముఖములు చూచుకొని, పైవాలు విడిచి, మరలివచ్చి, క్రింది పచ్చికబయలున పిల్లలవలె రెండుమారులు జారి యింటికి చేరిరట. "చెమటకు సగము ఫలమే దక్కినదత్తయ్యా" అనెను. వదినగారు నా చేతినుండి ఫోనందుకొనిరి. ఏడ్చెదరనుకొంటిని. ఆమె యేడువలేదు. గొంతు సవరించుకొని, "నాయనా, ఆ రేడియోలో బ్యాటరీలు క్రొత్తవేనా?" అని అడిగిరి.